సొంతంగా పనిచేసిన ఏళ్లను సీవీలో ఎలా చూపించాలి? మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లేవారికి

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ: ఒక తయారీ కంపెనీ కొనుగోళ్ల విభాగంలో ఎనిమిదేళ్ల ఉద్యోగం. ఆ తర్వాత ఆరేళ్లు సొంతంగా, చిన్న కంపెనీలకు కొనుగోళ్ల పనులు చేసిపెట్టడం, కొంతకాలం ఇద్దరు సహాయకులు. ఇప్పుడు పర్చేజ్ మేనేజర్ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టాలి. ఆ ఆరేళ్లను గ్యాప్‌గా వదిలేయాలా, ఫౌండర్ అని రాసుకోవాలా, క్లయింట్ల పేర్లు పెట్టొచ్చా అన్నవి సందేహాలు. వ్యాపారం దెబ్బతిని వస్తున్నాడని అనుకుంటారేమోనన్నది భయం.

సూటిగా జవాబు: ఆ ఆరేళ్లనూ ఒకే ఉద్యోగంలా రాయండి. మిగతా ఉద్యోగాలు ఏ పద్ధతిలో రాశారో అదే పద్ధతి, అదే వరుస. హోదా దగ్గర మీరు చేసిన పని పేరు ఉండాలి, యజమాని అన్న మాట కాదు. అది సొంత సంస్థ అన్న సంగతి మాత్రం ఆ పక్కనే తేటగా కనిపించాలి. కింద నాలుగు నుంచి ఆరు పాయింట్లు, అవీ ఇప్పుడు అడుగుతున్న ఉద్యోగానికి పనికొచ్చేవే. వ్యాపారం ఎందుకు ఆపారన్నది సీవీలో అక్కర్లేదు. గ్యాప్‌గా మాత్రం వదలొద్దు. ఆరేళ్ల ఖాళీ చూసి ఎవరూ మంచిగా ఊహించుకోరు.

ఇలా ఎందుకంటే, సీవీ చదివేవాళ్లకు సొంత వ్యాపారం అనగానే కొన్ని అనుమానాలు వస్తాయి. పైకి అడగరు గానీ పక్కన పెట్టేస్తారు. నిజంగా పనిచేశాడా, లేక ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉన్న కాలానికి కన్సల్టెంట్ అని పేరు పెట్టుకున్నాడా? ఇన్నాళ్లూ తనే బాస్ కదా, ఇప్పుడు ఇంకొకరు చెబితే వింటాడా? ఆరు నెలలకు మంచి క్లయింట్ దొరికితే మళ్లీ వెళ్లిపోతాడా? ఈ రంగంలో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త పద్ధతులు తెలుసా? మన సరఫరాదారులతో, మన కస్టమర్లతో పక్కన సొంత బేరాలు నడుపుతాడా? బాగా రాసిన ఎంట్రీ అంటే ఈ అనుమానాలకు పేరు పెట్టకుండానే సమాధానం ఇచ్చేది. కింద చెప్పే ప్రతి సలహా వీటిలో ఏదో ఒకదాని కోసమే.

హోదా. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒక్కరే నడిపిన సంస్థకు ఫౌండర్ అండ్ సీఈఓ అని రాస్తే రెండు నష్టాలు. మొదటిది, రిక్రూటర్లు డేటాబేస్‌లో వెతికేది పర్చేజ్ మేనేజర్, సోర్సింగ్, ప్రొక్యూర్‌మెంట్ లాంటి మాటలతో. హోదా గడిలో సీఈఓ అని ఉంటే మీ ఇటీవలి ఆరేళ్లూ ఆ వెతుకులాటకు అందకపోవచ్చు. రెండోది, దొరికినా, సీఈఓగా ఉన్న మనిషి మేనేజర్ పోస్టు ఎందుకు అడుగుతున్నాడన్న ప్రశ్న మొదటి క్షణంలోనే మీరే పుట్టించినట్లవుతుంది. ప్రొప్రైటర్, డైరెక్టర్, మేనేజింగ్ పార్ట్‌నర్ అన్నవాటితోనూ ఇదే చిక్కు. అవి మీకు ఆ సంస్థలో ఉన్న హక్కును చెబుతాయి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో చెప్పవు.

మీ విషయంలో పర్చేజ్ కన్సల్టెంట్ (స్వయం ఉపాధి) అంటే సరిపోతుంది. సంస్థకు రిజిస్టరైన పేరుంటే ఆ పేరు రాసి పక్కన సొంత సంస్థ అని చేర్చండి. పేరు లేకపోతే కల్పించొద్దు, మీ పేరుమీదే స్వయం ఉపాధి అని రాయండి. కొందరు సంస్థ పేరు రాసి, అందులో ఎవరో ఇచ్చిన ఉద్యోగం చేసినట్టు సీనియర్ మేనేజర్ అని పెడతారు. అది వద్దు. కంపెనీల రిజిస్టర్ చాలాచోట్ల ఎవరైనా చూడొచ్చు, డైరెక్టర్ల జాబితాలో మీ పేరు కనిపించగానే మిగతా సీవీ అంతా అబద్ధంగానే కనిపిస్తుంది. పని పేరును ముందుకు తేవడం వేరు, యాజమాన్యాన్ని దాచడం వేరు.

సీఈఓ అని రాసుకోవడం సబబైన సందర్భాలు లేకపోలేదు. ఇరవై ముప్పై మంది సిబ్బంది, విభాగాలు, వాటికి మేనేజర్లు ఉన్న సంస్థను నడిపి, ఇప్పుడు బిజినెస్ హెడ్ స్థాయి పోస్టుకు వెళ్తుంటే ఆ హోదాయే మీ అర్హత.

తేదీలు నెల, ఏడాది రెండూ ఉండాలి. 2019 – 2025 అని ఉత్త ఏళ్లు రాస్తే నెలలు దాస్తున్నారనిపిస్తుంది. మొదలైన తేదీ అంటే ఆలోచన వచ్చిన రోజు కాదు. రిజిస్ట్రేషన్ లేదా మొదటి ఇన్వాయిస్, కాగితం చూపించగలిగేది ఏదైతే అది. రిజిస్ట్రేషన్‌కీ మొదటి పనికీ మధ్య ఏడెనిమిది నెలలు ఉంటే మొదటి పని తేదీనే తీసుకోండి. ముగింపు తేదీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. పని నిజంగా ముగిసి ఉంటే ముగిసిన నెల రాయండి. "ఇప్పటివరకు" అని వదిలేస్తే చదివేవాళ్లు వ్యాపారం నడుస్తోందనే అనుకుంటారు, వెళ్లిపోతాడేమో అన్న అనుమానం బలపడుతుంది. ఇంకా ఒకరిద్దరు క్లయింట్ల పని మిగిలి ఉంటే "ప్రస్తుత కాంట్రాక్టులు ఫలానా నెలతో ముగుస్తాయి" అని ఒక్క ముక్క చాలు.

హోదా, తేదీల కింద సంస్థ గురించి ఒకే ఒక వాక్యం: ఎవరికి, ఏ పని, ఎంత పరిమాణంలో. పెద్ద కంపెనీలో చేసినప్పుడు ఈ వాక్యం అవసరం పడదు, పేరు చూసి తెలిసిపోతుంది. మీ సంస్థ పేరు ఎవరికీ తెలియదు కాబట్టి ఇది తప్పనిసరి.

ఇప్పుడు ఒక ఎంట్రీ దగ్గరగా చూద్దాం. సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది:

ఫౌండర్ అండ్ సీఈఓ, ఫలానా సొల్యూషన్స్, 2019 – ఇప్పటివరకు
– సంస్థను సున్నా నుంచి నిర్మించాను
– అమ్మకాలు, అకౌంట్లు, కొనుగోళ్లు, సిబ్బంది సహా అన్ని విభాగాలనూ పర్యవేక్షించాను
– ఎందరో క్లయింట్లకు వినూత్నమైన పరిష్కారాలు అందించాను

ఇందులో అబద్ధం లేదు. కానీ పర్చేజ్ మేనేజర్‌ను వెతికేవాళ్లకు ఒక్క పనికొచ్చే ముక్క కూడా లేదు. అదే మనిషి, అవే ఆరేళ్లు, ఇలా రాయొచ్చు (అంకెలు ఉదాహరణకు వేసినవే, మీవి మీ ఇన్వాయిస్‌లలోంచి తీయండి):

పర్చేజ్ కన్సల్టెంట్ (స్వయం ఉపాధి), ఫలానా సొల్యూషన్స్ – సొంత సంస్థ, ఏప్రిల్ 2019 – మార్చి 2025
చిన్న, మధ్యతరహా తయారీ కంపెనీలకు ప్యాకింగ్ సామగ్రి, యంత్ర విడిభాగాల కొనుగోళ్లు. ఇద్దరు సహాయకులు (2021 – 2023).
– మొత్తం 18 కంపెనీలకు సేవలు. వాటిలో 11 కంపెనీలు ఒకటికి మించి కాంట్రాక్టులు ఇచ్చాయి
– ఒక ప్లాస్టిక్ విడిభాగాల కంపెనీకి సరఫరాదారుల సంఖ్యను 34 నుంచి 12కి తగ్గించి, ఆర్డర్ పెట్టాక సరుకు చేరే గడువును 21 రోజుల నుంచి 13 రోజులకు తెచ్చాను
– క్లయింటు ఈఆర్‌పీలో, వాళ్ల ఆమోదాల వరుస ప్రకారం, నెలకు సగటున 60 కొనుగోలు ఆర్డర్లు నడిపాను; క్లయింటు ఫైనాన్స్ హెడ్‌కు నెలవారీ రిపోర్టు ఇచ్చాను
– మూడు కంపెనీల ఏడాది రేటు కాంట్రాక్టులను తిరిగి మాట్లాడి, చెల్లింపు గడువును 30 రోజుల నుంచి 45 రోజులకు పొడిగించాను
– సంస్థ సొంత బిల్లింగ్, వసూళ్లు, పన్ను దాఖలు పనులు చూసుకున్నాను

మూడో పాయింటు మళ్లీ చదవండి. ఈఆర్‌పీ అంటే కంపెనీ కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. పైకి ఇది కొనుగోలు ఆర్డర్ల సంగతే. నిజానికి అది "ఇంకొకరి పద్ధతి ప్రకారం పనిచేయగలను, ఇంకొకరికి జవాబు చెప్పుకున్నాను" అని చెబుతోంది. సొంతంగా పనిచేసిన ప్రతి ఒక్కరూ ఇలాంటి పాయింటు ఒకటి తప్పకుండా పెట్టాలని నా అభిప్రాయం. "టీమ్‌లో కలిసిపోతాను" అని సమ్మరీలో ఎన్నిసార్లు రాసినా ఈ ఒక్క వాక్యంతో తూగదు. చివరి పాయింటు చూడండి, యజమానిగా నెత్తిన పడే అన్ని పనులూ ఒక్క వరుసలో ముగిశాయి. వాటిని విడివిడిగా ఐదు పాయింట్లు చేస్తే సీవీ అన్నీ చేసి దేనిలోనూ లోతు లేని మనిషిని చూపిస్తుంది.

అంకెలు ఎక్కడినుంచి తేవాలి? ఉద్యోగులకు టార్గెట్లు, అప్రైజల్ కాగితాలు ఉంటాయి, మీకు ఉండవు. కూర్చుని తవ్వాల్సిందే. ఇన్వాయిస్‌లన్నీ ఒక షీట్‌లో ఎక్కించండి: క్లయింటు, నెల, పని రకం, వ్యవధి. క్లయింట్ల సంఖ్య, తిరిగి వచ్చినవాళ్ల సంఖ్య, ఒక్కో క్లయింటు సగటున ఎన్నాళ్లు ఉన్నారన్నది నేరుగా తేలతాయి. పాత ఈమెయిల్స్‌లో పని మొదలయ్యేటప్పటి పరిస్థితి, ముగిశాక పరిస్థితి దొరుకుతాయి. ఆ తేడాయే ఫలితం. తిరిగి వచ్చిన క్లయింట్ల సంఖ్యకు విలువ ఎక్కువ, ఎందుకంటే నచ్చకపోతే ఎవరూ రెండోసారి డబ్బు పెట్టరు.

టర్నోవర్ రాయాలా అని చాలామంది అడుగుతారు. సేల్స్ లేదా బిజినెస్ హెడ్ ఉద్యోగమైతే రాయండి. మీ విషయంలో వద్దు. చిన్న సంస్థ టర్నోవర్, పెద్ద కంపెనీలో పనిచేసేవాళ్ల కంటికి చిన్నగానే కనిపిస్తుంది. పైగా కొనుగోళ్ల పనిలో క్లయింటు సరుకు విలువ, మీ ఫీజు కలిసిపోతే అంకె అర్థమే మారిపోతుంది. దాని బదులు మీ చేతుల మీదుగా నడిచిన కొనుగోళ్ల విలువ రాయండి, అది ఈ ఉద్యోగానికి నేరుగా సంబంధించింది. అది క్లయింట్ల డబ్బు అని తెలిసేలా "నిర్వహించిన కొనుగోళ్ల విలువ" అనండి. ఏ అంకె రాసినా "దీన్ని ఎలా లెక్కగట్టారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే అరనిమిషంలో చెప్పగలగాలి. చెప్పలేనిది తీసేయండి. సరిగ్గా తెలియకపోతే సుమారుగా అని రాయడంలో తప్పులేదు; 37.4 శాతం అని రాసి ఎక్కడిదో చెప్పలేకపోవడమే తప్పు.

క్లయింట్లు ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరినీ ఒక్కో ఉద్యోగంలా రాయకండి. మూడు నెలలు, ఐదు నెలలు, రెండు నెలలు అంటూ పన్నెండు ఎంట్రీలు వరుసగా కనబడితే మనిషి ఎక్కడా నిలవలేదనిపిస్తుంది. దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ కూడా వాటిని పన్నెండు ఉద్యోగాలుగానే చదువుకుంటుంది. అన్నీ ఒకే గొడుగు కిందకు తెచ్చి, లోపల మూడు నుంచి ఐదు ప్రాజెక్టులు ఎంచి చూపించండి. ఒకే క్లయింటు దగ్గర రెండు మూడేళ్లు దాదాపు ఉద్యోగిలా పనిచేసి ఉంటే దాన్ని మాత్రం అదే ఎంట్రీలో ఉపశీర్షికగా విడిగా చూపించొచ్చు.

పేర్ల సంగతికొస్తే, ముందు కాంట్రాక్టు తీసి గోప్యత షరతు చదవండి. అలాంటి షరతు ఉంటే పేరు వద్దు, "మధ్యతరహా ప్యాకింగ్ కంపెనీ, సుమారు 200 మంది సిబ్బంది" అని స్వరూపం చెప్పండి. షరతు లేకపోయినా ఒక మాట అడిగి రాయడం మర్యాద. కొనుగోళ్ల రంగంలో ఇంకో ముప్పు ఉంది: ఒక క్లయింటుకు దక్కిన రేట్లు, వాళ్ల సరఫరాదారుల పేర్లు సీవీలో పెడితే, రేపు తమవీ ఇలాగే బయట పెడతారని కొత్త కంపెనీ అనుకుంటుంది. శాతాలు చెప్పండి, రేట్లు వద్దు. మధ్యలో ఏజెన్సీ ఉండి, దాని ద్వారా పెద్ద కంపెనీకి పనిచేసి ఉంటే "ఏజెన్సీ ద్వారా" అన్న మాట తప్పనిసరి. ఆ పెద్ద కంపెనీని నేరుగా మీ క్లయింటుగా రాసుకుంటే, వాళ్ల రికార్డుల్లో మీ పేరే ఉండదు. వెరిఫికేషన్‌లో చిక్కుపడేది అక్కడే.

సీవీ మొత్తం రూపం గురించి రెండు మాటలు. సొంత పని చేసినవాళ్లకు నైపుణ్యాల వారీ సీవీ రాయమని, అంటే తేదీలు వెనక్కి నెట్టి నైపుణ్యాలు ముందు పెట్టమని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. నేనొప్పుకోను. రోజూ సీవీలు చదివేవాళ్లకు ఆ రూపం కనబడగానే ఏదో దాస్తున్నారన్న ఆలోచనే ముందొస్తుంది. తేదీలకోసం వెతుకుతారు, దొరక్కపోతే పక్కనపెడతారు. పైన మూడు నాలుగు వాక్యాల సమ్మరీ, ఒక వరుస నైపుణ్యాలు, ఆ తర్వాత తాజా పని నుంచి పాతదాకా వరుసగా. రెండు పేజీలు చాలు. ఫైలు కాపీ చేయడానికి వీలైన అక్షరాలతో ఉండాలి. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కొన్ని సాఫ్ట్‌వేర్లు చదవలేవు.

సమ్మరీలో ఆరేళ్లనూ ఎనిమిదేళ్లనూ కలిపేయండి. "తయారీ రంగం కొనుగోళ్లలో 14 ఏళ్ల అనుభవం: 8 ఏళ్లు ఉద్యోగిగా, 6 ఏళ్లు స్వతంత్ర కన్సల్టెంట్‌గా. సరఫరాదారుల ఎంపిక, రేటు కాంట్రాక్టులు, ఈఆర్‌పీ కొనుగోళ్లు. ఇప్పుడు ఒకే కంపెనీలో పూర్తికాలం కొనుగోళ్ల బాధ్యత కోసం చూస్తున్నాను." ఇలా రాస్తే మధ్యలో దారి తప్పిన మనిషి కాక, ఒకే పనిని రెండు రకాలుగా చేసిన మనిషి కనిపిస్తాడు. మీకు కలిసొచ్చిన విషయం ఇదే, సొంత పని కూడా అదే రంగంలో చేశారు. పనిలో పనిగా విజనరీ, సీరియల్ ఆంత్రప్రెన్యూర్, గేమ్ ఛేంజర్ లాంటి మాటలుంటే కొట్టేయండి. ఇన్వెస్టర్ల దగ్గర ఏమోగానీ రిక్రూటర్ దగ్గర అవి ఎదురుతన్నుతాయి.

ఎందుకు ఆపారు? సీవీలో రాయొద్దన్నాను గానీ, కవర్ లెటర్‌లో ఒకట్రెండు వాక్యాలు, ఇంటర్వ్యూలో అరనిమిషం జవాబు సిద్ధంగా ఉండాలి. మూడు ముక్కలు చాలు: ఏం చేశాను, ఏం నిర్ణయించుకున్నాను, ఈ ఉద్యోగమే ఎందుకు. "ఆరేళ్లలో 18 కంపెనీల కొనుగోళ్లు చూశాను. బయటివాడిగా కాంట్రాక్టు ముగిశాక ఫలితం నిలబెట్టే అవకాశం ఉండదు. ఒకేచోట ఉండి రెండు మూడేళ్ల ప్రణాళికతో చేయాలనుకుంటున్నాను, మీ దగ్గర రెండో ప్లాంటు వస్తోంది కాబట్టి దరఖాస్తు చేశాను." మూడో ముక్క లేకపోతే మొదటి రెండూ సంజాయిషీలా వినిపిస్తాయి.

ఆదాయం తగ్గి ఆపి ఉంటే? అడిగితే నిజమే చెప్పండి, కానీ పొట్టిగా: "రెండు పెద్ద కాంట్రాక్టులు ఒకే ఏడాది ముగిశాయి, వాటి స్థాయిలో కొత్తవి రాలేదు, బకాయిలన్నీ తీర్చి మూసేశాను." సిబ్బందికి, సరఫరాదారులకు బాకీ పెట్టకుండా ముగించడం కొనుగోళ్ల పోస్టుకు మంచి సూచనే. క్లయింట్లను తిట్టడం, మార్కెట్‌ను తిట్టడం, "ఈ టెన్షన్లు పడలేక, నెలనెలా జీతం వస్తే చాలనిపించి" అనడం మాత్రం వద్దు. ఆ చివరి మాట ఎంత నిజమైనా, వినేవాళ్లకు మీరు వాళ్ల కంపెనీని విశ్రాంతి గృహంగా చూస్తున్నట్టు ఉంటుంది.

మళ్లీ వెళ్లిపోతారా అని సూటిగా అడిగితే "ఎప్పటికీ వెళ్లను" అనకండి, ఎవరూ నమ్మరు. సంస్థ మూసిన తేదీ, వెబ్‌సైట్ తీసేసిన సంగతి, క్లయింట్లను ఎవరికి అప్పగించారన్నది చెప్పండి. వెబ్‌సైట్ అన్నాను కాబట్టి, దరఖాస్తులు పంపేముందే ఈ పని చేయండి. సీవీలో మార్చి 2025తో ముగిసిందని రాసి, నెట్‌లో మాత్రం "కొత్త క్లయింట్లకు స్వాగతం" అని ఉంటే సీవీ కాదు, వెబ్‌సైటే నిజమనుకుంటారు. లింక్‌డ్‌ఇన్‌లో హోదా, తేదీలు సీవీతో అక్షరాలా సరిపోవాలి. అక్కడ ఉద్యోగ రకం దగ్గర సెల్ఫ్ ఎంప్లాయ్డ్, ఫ్రీలాన్స్ అని ఎంపికలు ఉంటాయి, వాటిలో సరైనది పెట్టండి.

వెరిఫికేషన్‌కు కాగితాలు ముందే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఉద్యోగికి రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు ఉంటాయి. మీకు వాటి బదులు: సంస్థ రిజిస్ట్రేషన్, సంవత్సరాలవారీ పన్ను రిటర్నులు, ప్రతి ఏడాదీ నుంచి రెండు మూడు ఇన్వాయిస్‌లు, వాటి డబ్బు జమైనట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీలు, ఒకట్రెండు కాంట్రాక్టులు, మూసేసి ఉంటే మూసివేత కాగితం. మొత్తాలు, క్లయింట్ల వివరాలు కనబడకుండా చెరిపి ఇవ్వొచ్చా అని అడగండి. వాళ్లకు కావాల్సింది ఆ కాలంలో పని నడిచిందన్న రుజువు. ఇక్కడ తేదీల తేడా పెద్ద సమస్య. సీవీలో ఏప్రిల్ 2019 అని ఉండి, మొదటి పన్ను రిటర్నులో వ్యాపార ఆదాయం రెండేళ్ల తర్వాత మొదలైతే, మధ్యకాలం ఏంటని అడుగుతారు. ఆ తేడా మీరే ముందు పట్టుకుని వివరణ సిద్ధం చేసుకోండి. తెలిసినవాళ్ల నంబరు ఇచ్చి హెచ్ఆర్ అని చెప్పించడం లాంటి ఉపాయాలు అసలే వద్దు. దొరికితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు, చేరిన తర్వాత దొరికితే ఉద్యోగం పోతుంది.

రెఫరెన్సులకు ఇద్దరు పాత క్లయింట్లు చాలు, ఎక్కువకాలం పనిచేయించుకున్నవాళ్లయితే మంచిది. మీ పని రోజూ చూసిన మనిషి కావాలి. ఒకసారి చెయ్యి కలిపిన ఎండీ గారు పెద్ద పేరే అయినా ఏమీ చెప్పలేరు. మూడోవారిగా మీ లెక్కలు చూసిన ఆడిటర్‌ని పెట్టొచ్చు, సంస్థ నడిచిందని ధ్రువీకరించగలరు. ముందు అనుమతి అడగండి, ఏ ఉద్యోగానికో చెప్పండి, ఏ పనుల గురించి అడగొచ్చో గుర్తుచేయండి. లెటర్ ఇస్తామంటే అందులో తేదీలు, పని, మీరు ఎవరికి రిపోర్టు చేశారన్నది ఉండేలా చూసుకోండి. "మంచి వ్యక్తి, కష్టపడతారు" అన్న లెటర్ వెరిఫికేషన్‌కు పనికిరాదు.

మీ పరిస్థితికి కొంచెం అటూఇటుగా ఉన్నవాళ్లూ ఇది చదువుతారు కాబట్టి కొన్ని తేడాలు.

సొంత పని వేరే రంగంలో చేసి పాత రంగానికి తిరిగి వస్తుంటే, ఉదాహరణకు సాఫ్ట్‌వేర్ వదిలి షాపు నడిపి మళ్లీ సాఫ్ట్‌వేర్‌కి, షాపు ఎంట్రీ రెండు వరుసల్లో ముగించండి. మిగతా చోటు పాత ఉద్యోగానికి, గత ఏడాదిలో కొత్తగా నేర్చుకున్నదానికి, చేసి చూపించగల ప్రాజెక్టులకు ఇవ్వండి. ఇక్కడ అడ్డమయ్యేది వ్యాపారం కాదు, నైపుణ్యం పాతబడిందన్న అనుమానం.

మూడేళ్లలో నిజంగా పని దొరికింది ఏడాదే అయితే పూర్తికాలం అని రాయకండి. పార్ట్‌టైమ్ ఫ్రీలాన్స్ అని రాసి, మిగతా సమయం పిల్లల పెంపకమో, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యమో అయితే ఆ మాట ఒక్క వరుసలో చెప్పేయండి. ఇన్వాయిస్‌లు ఎలాగూ నిజం చెబుతాయి.

కుటుంబ వ్యాపారంలో చేసినవాళ్లు "తండ్రి సంస్థ" అన్న వివరం సీవీలో పెట్టక్కర్లేదు, హోదా, బాధ్యతలు మామూలుగా రాయండి. అడిగితే దాచొద్దు. రెఫరెన్సు మాత్రం కుటుంబం బయటివాళ్లదే ఇవ్వాలి. సరఫరాదారు, బ్యాంకు అధికారి, పెద్ద కస్టమర్ ఎవరైనా సరే.

సంస్థ ఇంకా నడుస్తూ, వేరొకరు చూసుకుంటుంటే ఆ విషయం ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే రాతపూర్వకంగా చెప్పండి. చాలా కంపెనీల నియామక పత్రాల్లో బయట వ్యాపారం మీద షరతు ఉంటుంది. కొనుగోళ్ల పోస్టుల్లో దీన్ని మరీ పట్టించుకుంటారు, ఎందుకంటే మీ సంస్థే రేపు సరఫరాదారుగా రావచ్చు.

ఆన్‌లైన్ దరఖాస్తు ఫారాల్లో కొన్ని గడులు ఉద్యోగుల కోసమే తయారైనట్టు ఉంటాయి. యజమాని పేరు దగ్గర సంస్థ పేరు, పక్కన స్వయం ఉపాధి. సూపర్‌వైజర్ పేరు తప్పనిసరి అంటే "వర్తించదు, స్వయం ఉపాధి" అని రాయండి, ఫోన్ నంబరు దగ్గర ముందే ఒప్పుకున్న క్లయింటు నంబరు ఇచ్చి అది క్లయింటుదని పక్కన సూచించండి. వదిలేసిన కారణం దగ్గర "పూర్తికాల ఉద్యోగంలోకి మారడం" అంటే చాలు.

ప్రస్తుత జీతం గడి మాత్రం ఇరకాటంలో పెడుతుంది. అక్కడ టర్నోవర్ రాస్తే మీరు అందని ధరలో ఉన్నట్టవుతుంది, నికర లాభం రాస్తే మరీ తక్కువగా పలికినట్టవుతుంది. పైగా సొంత ఆదాయంలోంచే సెలవులు, బీమా, కంప్యూటర్, ప్రయాణాలు అన్నీ మీరే భరించారు కాబట్టి దాన్ని జీతంతో పోల్చడమే కుదరదు. గడి ఖాళీ వదలడానికి వీలుంటే వదలండి. అంకె తప్పదంటే పన్ను రిటర్నులో ఉన్న నికర ఆదాయాన్నే వేసి, వ్యాఖ్యల గడిలో "స్వయం ఉపాధి ఆదాయం" అని రాయండి, ఎందుకంటే రేపు కాగితం అడిగితే చూపించాల్సింది అదే. జీతం గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకె నుంచి మొదలుపెట్టకండి. ఆ పోస్టుకు, 14 ఏళ్ల అనుభవానికి మార్కెట్లో ఎంత నడుస్తోందో ముగ్గురు నలుగురిని కనుక్కుని, కింది అంకె, పై అంకె రెండూ చెప్పండి.